చింతపిక్కలతో రేడియో ధార్మికత

సైనిక్‌పురిలోని మా చెల్లెలి ఇంటికి మేము ఒక ఆదివారము సాయంకాలము వెళ్ళినప్పుడు ఆ ఇంట పరీక్షల సందడి జరుగుతున్నది. మేనకోడలు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుతున్నది. మరునాడు కళాశాలలో ‘కేంద్రకములు’ అను పాఠము మీద పరీక్ష. నిర్వచనములన్నియు ఆమె నోట తడుముకొనకుండా పలుకుచున్నవి. పరీక్షింపవలెనని మేము ఒక చిన్న ప్రశ్న వేసితిమి: “ఒక పదార్థము అర్ధ జీవిత కాలము ఎనిమిది రోజులు. పదహారు రోజులకు ఎంత మిగులుతుంది?”

“ఏమీ మిగలదు మామయ్యా. మొదటి ఎనిమిది రోజుల్లో సగం పోయింది, తరువాతి ఎనిమిది రోజుల్లో మిగతా సగమూ పోయింది గదా!” అన్నది.

నిర్వచనము కంఠస్థమే, అర్థము మాత్రము చేజారినది. ఇది ఆ పిల్ల ఒక్కతె చేసిన పొరపాటు కాదు. అనేకమంది విద్యార్థులు చేసేదే.

ఆ సాయంకాలమే మరొక విషయము మా కంటబడినది. మా చెల్లెలి అత్తగారు వరండాలో విడిగా కూర్చుని ఉన్నారు. ఆమె ప్రక్కనే ఒక పీట మీద ఆమె కంచము, గ్లాసు వేరుగా పెట్టి ఉన్నవి. ఆమెకు నగరములోని ఒక వైద్యశాలలో కాన్సరు వ్యాధికి కిరణ చికిత్స జరుగుతున్నది. “రేడియేషను పెట్టించుకున్న మనిషి దగ్గర చదువుకునే పిల్లలు కూర్చోరాదు” అని ఇరుగుపొరుగున ఎవరో అన్నారట. ఇంట్లో ఎవరును ఆమెను దూరముగా ఉండుమనలేదు. ఆమెయే కంచము వేరు చేసుకున్నారు. మనుమరాలు పుస్తకములు మేడ మీదికి మార్చుకున్నది.

రేపటి పరీక్షలోని ప్రశ్నకును, వరండాలోని ఈ ప్రశ్నకును సమాధానము ఒకే పాఠములో ఉన్నదని మాకు తోచినది. ఆ రాత్రి ఆ పిల్లకు చెప్పిన సంగతులనే కొంత క్రమపరచి శ్రోతలకును, పాఠకులకును సమర్పిస్తున్నాము.

ఈ పాఠము చదువుకొనుటకు సైనిక్‌పురి కంటె తగిన చోటు తెలుగునాట మరొకటి ఉన్నదా అని మాకు అనుమానము. విశ్రాంత సైనికుల నివాసముగా వెలసిన ఈ పేట నుండి కొద్ది దూరము పోగానే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా జనులందరు ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే సంస్థ కనబడుతుంది. అది 1967లో ఏర్పడినది. దాని చెంతనే 1971లో స్థాపించిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్నది. దేశములోని అణు విద్యుత్కేంద్రములలో చాలవాటికి ఇంధనము తయారయ్యేది అక్కడనే. బేగంపేటలో అణు ఖనిజముల అన్వేషణ సంస్థకు ప్రధాన కార్యాలయము ఉన్నది. గోదావరి తీరమున మణుగూరులో భారజల కర్మాగారము, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని ఉన్నవి. పాఠ్యపుస్తకములోని మాటలలో సగము మన నగరపు బస్సు మార్గములలోనే తారసపడుతున్నవి.

ఇక పాఠములోకి వత్తము. ప్రతి పరమాణువుకును నడుమ ఒక కేంద్రకము ఉన్నది. అందు ధన విద్యుత్తు గల ప్రోటానులు, విద్యుత్తు లేని న్యూట్రానులు ఉన్నవి. చుట్టును ఎలక్ట్రానులు ఉన్నవి. మనము కట్టె కాల్చినను, ఇనుము తుప్పు పట్టినను, అన్నము ఉడికినను మార్పు అంతయు ఎలక్ట్రానులలోనే జరుగును, కేంద్రకము చలింపదు. రేడియో ధార్మికత అందుకు భిన్నము. అది కేంద్రకములోనే జరిగే మార్పు. అందుచేతనే పదార్థమును వేడి చేసినను, చల్లార్చినను, ఆమ్లములో కరగించినను దాని వేగము తగ్గదు, హెచ్చదు. ‘రసాయన చర్యకును, రేడియో ధార్మిక చర్యకును గల భేదమేమి?’ అన్న ప్రశ్నకు ఈ ఒక్క వాక్యమే ప్రాణము.

ఒకే మూలకమునకు ప్రోటానుల సంఖ్య మారదు, న్యూట్రానుల సంఖ్య మారవచ్చును. వానినే ఐసోటోపులు అంటారు. యురేనియము 235, యురేనియము 238 రెండింటను 92 ప్రోటానులే. రెండవదానిలో మూడు న్యూట్రానులు ఎక్కువ. కొన్ని కేంద్రకములలో ఈ రెండు రకముల కణముల పాళ్ళు కుదరవు. అట్టి కేంద్రకము తనలోనుండి ఏదో ఒకటి వెలికి విసరి కుదురుకొనుటకు యత్నిస్తుంది. ఆ విసరుటయే రేడియో ధార్మికత.

దీనిని 1896లో పారిస్ నగరములో హెన్రీ బెకరెల్ యురేనియము లవణములలో కనుగొన్నారు. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియము, రేడియము అను రెండు కొత్త మూలకములను వెల్లడించినారు. ఆ మరుసటి సంవత్సరము రూథర్‌ఫర్డు ఈ కిరణములలో రెండు తెగలు ఉన్నవని గుర్తించి, వానికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టినారు. 1900లో విల్లార్డు మూడవదానిని కనుగొన్నారు, అదియే గామా.

ఈ మూడింటి స్వభావము ఒక్కసారి మనస్సులో కుదిరినచో మరచిపోము. ఆల్ఫా కణము రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు కలిసిన బరువైన ముద్ద. దాని దూకుడు ఎక్కువ, పయనము తక్కువ. ఒక కాగితము గాని, మన చర్మపు పైపొర గాని దానిని ఆపగలదు. కాని అదే పదార్థము ఊపిరితో గాని, ఆహారముతో గాని లోపలికి పోయెనా, ఆ దూకుడంతయు సున్నితమైన కణజాలము మీదనే పడును. బీటా కణము వేగముగా పోయే ఎలక్ట్రాను. కొద్ది మిల్లీమీటర్ల మందము గల అల్యూమినియము రేకు దానిని ఆపుతుంది. గామా కణము కాదు, కాంతి జాతికి చెందిన కిరణము. దానిని తగ్గించుటకు దళసరి సీసము, కాంక్రీటు గోడ కావలెను.

పరీక్షలో లెక్కలకు సూత్రము చిన్నది. ఆల్ఫా వెలువడినచో ద్రవ్యరాశి సంఖ్య నాలుగు, పరమాణు సంఖ్య రెండు తగ్గును. బీటా వెలువడినచో కేంద్రకములోని ఒక న్యూట్రాను ప్రోటానుగా మారును గనుక ద్రవ్యరాశి సంఖ్య మారదు, పరమాణు సంఖ్య ఒకటి పెరుగును. గామా వెలువడినచో ఏదియు మారదు. కేంద్రకములోని అధిక శక్తి మాత్రము పోవును. యురేనియము 238 అనేక దశలు దాటి తుదకు సీసము 206 అగును. ఎన్ని ఆల్ఫాలు, ఎన్ని బీటాలు వెలువడినవి? ద్రవ్యరాశిలో తగ్గినది 32. నాలుగు చొప్పున భాగించగా ఎనిమిది ఆల్ఫాలు. ఎనిమిది ఆల్ఫాలతో పరమాణు సంఖ్య 92 నుండి 16 తగ్గి 76 కావలెను. కాని సీసము సంఖ్య 82. ఆ ఆరు హెచ్చినది బీటాల వలన. కనుక ఆరు బీటాలు. మొదట ఆల్ఫాలను, పిదప బీటాలను లెక్కించవలెను. ఈ వరుస తప్పరాదు.

ఇప్పుడు అర్ధ జీవిత కాలము. మేనకోడలిని వంటింటిలో నుండి అరవై నాలుగు చింతపిక్కలు తెమ్మంటిమి. అష్టాచెమ్మా ఆటకు చేసినట్లు ప్రతి పిక్కను ఒక వైపున తెల్లగా అరగదీయుమంటిమి. అన్నియు చేతులలో కలిపి నేల మీద వేసి, తెలుపు పైకి పడినవి తీసివేయవలెను. అవి విఘటనము చెందిన పరమాణువులు. నలుపు పడినవి మిగిలినవి. వానిని మరల వేయవలెను. ఒక్కొక్క వేత ఒక్కొక్క అర్ధ జీవిత కాలము.

మొదటి వేతకు ముప్పది నాలుగు మిగిలినవి. రెండవదానికి పదహారు. మూడవదానికి తొమ్మిది, నాలుగవదానికి నాలుగు, ఐదవదానికి ఒకటి. ఆ చివరి పిక్కను చేతబట్టుకొని పిల్ల తనంతట తానే అన్నది: “ఇన్ని సార్లు వేసినా దీనికి తెలియదు గదా మామయ్యా, తన వంతు వచ్చిందని!”

అదే రహస్యము. ఏ పిక్క ఎప్పుడు తిరగబడునో ఎవరును చెప్పలేరు. ఐదు సార్లు నిలిచిన పిక్క ఆరవసారి అలసిపోయి పడదు; దానికి ఎప్పుడును సగము అవకాశమే. పరమాణువునకు వార్ధక్యము లేదు. అందుచేత ప్రతి కాలావధిలోను పోయేది మొదట ఉన్నదానిలో సగము కాదు, అప్పటికి మిగిలియున్న దానిలో సగము. ఎనిమిది రోజులకు సగము, పదహారు రోజులకు పావు, ఇరువది నాలుగు రోజులకు ఎనిమిదవ వంతు. పది అర్ధ జీవితములు గడచిన పిమ్మట వెయ్యి ఇరువది నాలుగవ వంతు మిగులును. పిక్కలు కొన్నియే గనుక మన లెక్క కొంచెము అటునిటు అయినది. ఒక్క గ్రాములో కోట్ల కోట్ల పరమాణువులు ఉండుటచే అక్కడ లెక్క తప్పదు. ఒక్కటిగా చూచిన అనిశ్చితము; సమూహముగా చూచిన నిశ్చితము.

పుస్తకములో క్షయ స్థిరాంకము అని మరొక మాట ఉన్నది. ఒక సెకనులో ఒక పరమాణువు విఘటనము చెందుటకు గల అవకాశమే అది. అర్ధ జీవిత కాలముతో 0.693ను భాగించినచో అది లభించును. దాని విలోమము సగటు జీవిత కాలము. అది అర్ధ జీవితము కంటె సుమారు 1.44 రెట్లు ఎక్కువ. ఈ రెండింటిని కలగాపులగము చేసి మార్కులు పోగొట్టుకొనువారు చాలమంది.

మరియొక భ్రమను కూడ ఇక్కడనే తొలగించవలెను. అర్ధ జీవితము దీర్ఘమైన పదార్థమే భయంకరమని పలువురు తలుస్తారు. నిజము తలక్రిందులు. అర్ధ జీవితము దీర్ఘమైన కొలది పరమాణువులు నింపాదిగా విడిపోవును. కనుక ఆ క్షణమున వెలువడే కిరణములు తక్కువ. యురేనియము 238 అర్ధ జీవితము 447 కోట్ల సంవత్సరములు. ఒక గ్రాములో సెకనుకు సుమారు పన్నెండు వేల పరమాణువులు విఘటనము చెందుతవి. రేడియము 226 అర్ధ జీవితము 1,600 సంవత్సరములు. ఒక గ్రాములో సెకనుకు సుమారు 3,700 కోట్లు. క్యూరీ అను పాత ప్రమాణము పుట్టినది ఈ లెక్క నుండియే. సెకనుకు ఒక్క విఘటనమైనచో అది ఒక బెకరెల్. నేడు వాడుకలో ఉన్న ప్రమాణము అది.

సైనిక్‌పురి చుట్టును, మౌలాలి గుట్టలోను కనబడే గులాబి వన్నె నల్లరాతి బండలను చూడుడు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు. ఆ రాతిలో యురేనియము, థోరియము స్వల్పముగాను, పొటాషియము అధికముగాను ఉన్నవి. పొటాషియములో అత్యల్ప భాగము రేడియో ధార్మికమైన పొటాషియము 40. దాని అర్ధ జీవితము 125 కోట్ల సంవత్సరములు. బండ పుట్టిన నాటి నుండి రెండు అర్ధ జీవితములు గడచినవి. ఎంత మిగిలినది? పావు వంతు. ఎనిమిది రోజుల లెక్క, పదహారు రోజుల లెక్క ఆ గుట్ట మీదనే వ్రాసియున్నది.

ఆ మాటకు వచ్చిన, మన దేహములోను పొటాషియము 40 ఉన్నది. ఒక పెద్ద మనిషి శరీరములో సెకనుకు నాలుగు వేలకు పైగా విఘటనములు దాని వలననే జరుగుచుండును. నేల నుండి, ఆకాశము నుండి, గాలిలోని రేడాను వాయువు నుండి, ఆహారము నుండి ప్రపంచములోని సగటు మనిషికి సంవత్సరమునకు సుమారు 2.4 మిల్లీసీవర్టుల కిరణ ప్రభావము కలుగుతున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. బెకరెల్ పదార్థమును కొలుచును; సీవర్టు మన శరీరముపై దాని ప్రభావమును కొలుచును. వానను కొలుచుట వేరు, తడిసిన బట్టను కొలుచుట వేరు గదా! సహజముగా కలిగేది పోగా, సామాన్య ప్రజలకు సంవత్సరమునకు ఒక మిల్లీసీవర్టు మించరాదని, ఈ వృత్తిలోని వారికి ఐదేండ్ల సగటున ఇరువది మించరాదని నియమము ఉన్నది. వైద్యము కొరకు తీసుకొనే కిరణములు ఈ హద్దులలో చేరవు. అక్కడ లాభనష్టములను వైద్యుడు బేరీజు వేయును.

ఇప్పుడు వరండాలోని ప్రశ్నకు వత్తము. కిరణము సోకుట వేరు, రేడియో ధార్మిక పదార్థము అంటుట వేరు. దీపము వెలుగు ముఖము మీద పడినంత మాత్రాన ముఖము దీపము కాదు. స్విచ్చి ఆర్పగానే వెలుగు పోవును. దీపములోని నూనె ఒంటికి అంటినచో మాత్రము అది కడుగువరకు మనతోనే ఉండును. మా అత్తయ్యగారికి జరిగే చికిత్సలో ఒక యంత్రము దేహమునకు వెలుపల నుండి కిరణములను వ్యాధి ఉన్న చోటికి గురిచూచి పంపుచున్నది. యంత్రము ఆగిన క్షణమున కిరణములును ఆగిపోవును. ఆమె దేహములో ఏ పదార్థమును మిగలదు. ఆమె కంచము అంటినను, ఆమె ఒడిలో తల పెట్టుకొన్నను మనుమరాలికి ఏమియు కాదు. కిరణములకు గురియైన వస్తువు తానును రేడియో ధార్మికమగునని అనుకొనుటయే ఇరుగుపొరుగు వారి పొరపాటు. అట్లు మార్చగలది ప్రధానముగా న్యూట్రాను. రియాక్టరులో న్యూట్రానులు తగిలి సాధారణమైన కోబాల్టు 59, రేడియో ధార్మికమైన కోబాల్టు 60గా మారుచున్నది. ఇట్టి కృత్రిమ రేడియో ధార్మికతకు 1934లో ఐరీన్, ఫ్రెడరిక్ జోలియో క్యూరీ దంపతులు దారి చూపినారు. వారు వాడినవి మాత్రము ఆల్ఫా కణములు.

దీనికి మినహాయింపు ఒకటి ఉన్నది. థైరాయిడు వ్యాధికి కొందరికి అయోడిను 131ను మందుగా లోపలికి ఇస్తారు. ఆ పదార్థము కొన్ని రోజులు దేహములోనే ఉండును గనుక, పసిపిల్లలకు, గర్భవతులకు దూరముగా ఉండుమని వైద్యులే చెప్పుదురు. దాని అర్ధ జీవితము ఎనిమిది రోజులు. మేము వేసిన మొదటి ప్రశ్న ఈ మందును గురించినదే! ఏ చికిత్స యైనను వైద్యుని అడిగి తెలిసికొనవలెను గాని గోడ ప్రక్క మాట విని కంచము వేరు చేయరాదు.

భయము అనవసరమైన చోట భయపడుట ఎంత తప్పో, అవసరమైన చోట ఏమరుట అంతకంటె తప్పు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప సామాను బజారులో జరిగిన ఉదంతము మరువరాదు. ఒక విద్యాసంస్థ ప్రయోగశాలలో ఏండ్ల తరబడి వాడక పడియున్న కోబాల్టు 60 పరికరము తుక్కుగా అమ్ముడుపోయినది. బజారులో దానిని విడదీసినారు. పలువురు తీవ్రముగా జబ్బుపడినారు. ఒక కూలి మరణించినాడు. ఆ పరికరము కొని అప్పటికి సుమారు నలుబది ఏండ్లు అయినది. కోబాల్టు 60 అర్ధ జీవితము సుమారు 5.27 సంవత్సరములు. నలుబది ఏండ్లలో ఏడున్నరకు పైగా అర్ధ జీవితములు గడచి, మొదటి బలములో సుమారు రెండు వందలవ వంతు మాత్రమే మిగిలినది. ఆ మిగిలినదే ఒక మనిషి ప్రాణము తీసినది. ‘పాతబడినది గదా, ఏమీ ఉండదు’ అను మాటకును, మా మేనకోడలు చెప్పిన ‘ఏమీ మిగలదు’ అను జవాబుకును ఎంత దూరము? పరీక్ష కాగితము మీద అది రెండు మార్కుల తప్పు. బజారులో అది ప్రాణము. పసుపు వన్నె మీద మూడు రేకుల గుర్తు గల ఏ వస్తువు కనబడినను ముట్టరాదు. దూరముగా తొలగి అధికారులకు తెలుపవలెను. రక్షణకు సూత్రములు మూడే: దాని దగ్గర ఉండే కాలము తగ్గించుట, దూరము పెంచుట, నడుమ అడ్డు ఉంచుట. చిన్న మూలము నుండి దూరము రెట్టింపు చేసినచో కిరణ తీవ్రత నాలుగవ వంతు అగును.

ఇక పాఠములోని రెండవ భాగము, కేంద్రక విచ్ఛిత్తి. 1938 డిసెంబరులో బెర్లినులో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియమును న్యూట్రానులతో తాడించగా బేరియము కనబడినది. లీజ్ మైట్నర్, ఆటో ఫ్రిష్ దాని అర్థమును విప్పి చెప్పినారు: కేంద్రకము రెండు తునకలైనది. ఒక్క విచ్ఛిత్తిలో సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడును. బొగ్గు మండునప్పుడు ఒక కర్బన పరమాణువు ఇచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు. ఐదు కోట్ల రెట్ల భేదము! అంతేకాక ప్రతి విచ్ఛిత్తిలో రెండు మూడు న్యూట్రానులు వెలువడి మరి కొన్ని కేంద్రకములను ఛేదించగలవు. ఇదియే శృంఖలా చర్య. దీనిని అదుపులో నడిపిన మొదటి రియాక్టరు 1942 డిసెంబరు 2న చికాగోలో పనిచేసినది. మన దేశములో ట్రాంబే వద్ద ‘అప్సర’ 1956 ఆగస్టు 4న మొదలైనది.

సహజ యురేనియములో విచ్ఛిత్తికి సులభముగా లోబడే 235 నూటికి సుమారు 0.7 వంతు మాత్రమే. దానిని ఛేదించుటకు నెమ్మదిగా పోయే న్యూట్రానులే మేలు. కాని విచ్ఛిత్తిలో పుట్టేవి మహా వేగము గలవి. వానిని నెమ్మదింపజేయు పదార్థమే మితకారి. కారమ్స్ బల్లను తలచుకొనుడు. స్ట్రైకరు బల్ల అంచుకు తగిలినచో ఇంచుమించు అదే వేగముతో వెనుకకు వచ్చును. తనవంటి బిళ్ళకు తగిలినచో వేగమును పంచి ఇచ్చి తాను నెమ్మదించును. అట్లే న్యూట్రాను వేగమును తేలిక కేంద్రకములే హరించగలవు. మామూలు నీటిలోని హైడ్రోజను ఈ పనికి చాల తగినదే గాని, అది న్యూట్రానులను కొన్నింటిని మ్రింగివేయును. భారజలములోని బరువైన హైడ్రోజను అంతగా మ్రింగదు. కనుకనే సహజ యురేనియముతో నడిచే మన రియాక్టర్లకు మణుగూరు వంటి చోట్ల తయారైన భారజలము కావలసివచ్చినది. చర్య మితిమీరకుండ న్యూట్రానులను మ్రింగే కాడ్మియము, బోరాను వంటి పదార్థముల కడ్డీలను వాడుదురు. మితకారి న్యూట్రానును నెమ్మదింపజేయును, నియంత్రణ కడ్డీ దానిని మ్రింగును. ఈ రెండింటిని తారుమారు చేయరాదు.

మౌలాలి దగ్గరి ఇంధన కర్మాగారములో జరిగే పని ఇదియే: యురేనియము ఆక్సైడు పొడిని చిన్న చిన్న బిళ్ళలుగా అదిమి, సుమారు 1,700 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరచి, జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నింపి మూతులు బిగింతురు. ఇట్టి గొట్టములు పందొమ్మిదింటిని ఒక కట్టగా కూర్చినచో 220 మెగావాట్ల రియాక్టరునకు సరిపడు ఇంధనపు మోపు అగును. పొడవు సుమారు అర మీటరు. పెద్ద రియాక్టర్ల మోపులో ముప్పది ఏడు గొట్టములు ఉండును. జిర్కోనియము న్యూట్రానులను స్వల్పముగానే మ్రింగును, వేడి నీటిలో తుప్పుపట్టదు. అది సముద్రతీరపు ఇసుకలోని జిర్కాను నుండి వచ్చును. దానితో కలిసియుండే హఫ్నియము న్యూట్రానులకు శత్రువు గనుక దానిని పూర్తిగా వేరు చేయవలెను.

“అయితే ఇక్కడ గాలి మంచిదేనా మామయ్యా?” అని పిల్ల అడిగినది. అడుగదగిన ప్రశ్నయే. మొదట తెలియవలసినది, హైదరాబాదులో విద్యుత్తు పుట్టించు అణు రియాక్టరు లేదు. కొత్త ఇంధనములోని యురేనియము నింపాదిగా విడిపోవునది; దాని ఆల్ఫా కణములు గొట్టపు గోడ దాటవు. తీవ్రమైన రేడియో ధార్మికత గల విచ్ఛిత్తి శకలములు పుట్టేది ఆ ఇంధనము రియాక్టరులో మండిన పిమ్మటనే. అయినను యురేనియము ధూళి ఊపిరితో లోపలికి పోరాదు. అది రసాయనికముగా మూత్రపిండములకును హాని చేయును. ఇట్టి చోట గాలిని, నీటిని, పనివారి దేహములను ఎడతెగక కొలుచుచుండవలసినదే. ఆ కొలతలు అడిగే హక్కు చుట్టుప్రక్కల వారికి ఉన్నది. అడుగుటకు తగిన చదువే ఈ పాఠము. బెకరెల్ ఏమో, సీవర్టు ఏమో తెలియని వానికి అంకెలు చెప్పినను ఒకటే, చెప్పకున్నను ఒకటే.

ఈ విద్యలో మనవారు వెనుకబడినవారు కారు. బెకరెల్ తన ఆవిష్కరణ చేసిన 1896లోనే పశ్చిమ గోదావరి ప్రాంతమున గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద, సన్యాసియై కూడ ఐరోపాలో భౌతికశాస్త్ర పరిశోధన చేసి, తిరిగివచ్చి విశాఖపట్నములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కేంద్రక భౌతికశాస్త్ర విభాగమును నెలకొల్పినారు. అచ్చటి పరిశోధనశాల నేడును ఆయన పేరు వహించినది. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగమును పెంపొందించి ఇ.సి.ఐ.ఎల్.కు మూలపురుషులైన అయ్యగారి సాంబశివరావుగారి పేరనే సైనిక్‌పురి ప్రక్కన ఎ.ఎస్. రావు నగర్ వెలసినది. రోజును ఆ బస్సు ఎక్కి దిగే విద్యార్థులలో ఎందరికి ఆ పేరు ఎవరిదో తెలియును?

పరీక్షకు కూర్చునే వారికి మా సలహా ఒక్కటే. నిర్వచనము వల్లించినంతట ఆగిపోవలదు. ప్రతిదానికి ఒక లెక్క వేయుడు, ఒక వస్తువును చూపుడు. అర్ధ జీవితమునకు చింతపిక్కలు, విలంబమునకు గుట్ట మీది బండ, మితకారికి కారమ్స్ బల్ల. చేతికి తగిలిన సంగతి మనస్సు విడువదు.

ఆ సోమవారము మేనకోడలు పరీక్ష వ్రాసి వచ్చినది. యురేనియము నుండి సీసము లెక్కలో బీటాల సంఖ్య తప్పినదట. అర్ధ జీవితపు లెక్క మాత్రము సరిగా చేసినదట. వారము రోజుల పిదప మేము మరల ఆ ఇంటికి పోయితిమి. వరండాలోని పీట మీద కంచము లేదు. వంటింటి అరలో నాలుగు కంచములు ఒకదానిపై నొకటి బోర్లించి ఉన్నవి. నాయనమ్మ ప్రక్కనే చాప మీద పుస్తకములు పరచుకొని పిల్ల తరువాతి పాఠము చదువుకొంటున్నది.